రోకలిని పొడి చేసినంత మాత్రాన

మౌసల పర్వం పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఒకచోట ఆగేవాడిని. మునుల శాపం వలన సాంబునికి ఇనుప రోకలి పుట్టింది. యాదవులు భయపడి దానిని పొడి చేయించి సముద్రంలో కలిపించారు. పీడ విరగడైందనుకున్నారు. ఆ పొడే తీరాన తుంగగా మొలిచి, చివరకు వారి చేతులలోనే ఆయుధమై, వంశాన్ని నాశనం చేసింది. "రోకలి పొడి అయిపోయాక ఇంకా భయమెందుకండీ, మాస్టారూ?" అని ఏటా ఎవడో ఒక పిల్లవాడు అడిగేవాడు.

అదే ప్రశ్న మొన్న సంక్రాంతికి మరొక రూపంలో వినబడింది. సైన్యంలో పనిచేసి విశ్రాంతి పొందిన నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చి, మాటల సందర్భంలో, "అణ్వస్త్రాలున్న విమానాలు కూలినా అవి అణుబాంబులుగా పేలలేదండీ, మాస్టారూ. ఆ రక్షణలన్నీ ఉంటాయి. ఇవి మామూలు జనం చర్చించవలసిన విషయాలు కావండీ" అన్నాడు. అతని దేశభక్తిని నేను శంకించను. అయితే అతని మాటలో మొదటి సగం నిజం. రెండవ సగం ప్రమాదకరం. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్రాత.

1966 జనవరి 17న స్పెయిన్ దక్షిణ తీరంలోని పాలొమారెస్ అనే రైతుల పల్లెపైన, ఆకాశంలో ఇంధనం నింపుకుంటూ అమెరికా బి-52 బాంబరు విమానం ఇంధన విమానాన్ని ఢీకొన్నది. ఏడుగురు విమాన సిబ్బంది మరణించారు. బాంబరులోని నాలుగు హైడ్రోజన్ బాంబులలో మూడు నేలమీద, ఒకటి సముద్రంలో పడ్డాయి. అణువిస్ఫోటనం జరగలేదు. నా శిష్యుడు చెప్పిన సగం నిజం ఇదే. ఆ రక్షణలు రూపొందించిన ఇంజనీర్లకు నమస్కారం. కాని నేలమీద పడిన రెండు బాంబులలోని మామూలు పేలుడు పదార్థం పేలింది. లోపలి ప్లుటోనియం ధూళియై పొలాలమీద, టమోటా తోటలమీద పరచుకున్నది. రోకలి పొడి అయినది.

ఆ పొడి స్వభావం తెలియాలి. ప్లుటోనియం వెలువరించే ఆల్ఫా కణం కాగితాన్ని దాటలేదు, చర్మాన్ని దాటలేదు. కాని ఆ ధూళి శ్వాసతో ఊపిరితిత్తులలో చేరితే అక్కడే తిష్ఠ వేస్తుంది. కాగితాన్ని దాటలేని కణాన్ని కొలవాలంటే మీటరుకు అతి పలుచని పొర ఉండాలి. పాలొమారెస్ నేలలోని రాళ్లకూ ముళ్లకూ తగిలి ఆ పొరలు చిరిగిపోతూ వచ్చాయి. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికి పట్టే కాలం సుమారు 24,100 సంవత్సరాలు. మన చరిత్రలన్నీ కలిపినా ఆ కాలంలో ఒక మూలకు సరిపోతాయి.

శుభ్రం చేయడానికి సుమారు 1,600 మంది అమెరికన్ వైమానిక సైనికులను దించారు. చాలామందికి ఒంటిమీది మామూలు దుస్తులే కవచం. సుమారు 1,400 టన్నుల మట్టిని, మొక్కలను పీపాలకెత్తి ఓడలో తమ దేశంలోని దక్షిణ కరొలైనాకు తరలించారు. సముద్రంలోని బాంబు 80వ రోజున, ఏప్రిల్ 7న పైకి వచ్చింది. అది ఎక్కడ పడిందో చూపినవాడు ఫ్రాన్సిస్కో సిమో ఓర్ట్స్ అనే జాలరి. ఈలోగా మార్చి 8న అమెరికా రాయబారి, స్పెయిన్ మంత్రి కెమెరాల ముందు సముద్రంలో ఈదారు. నీరు మంచిదేనని లోకానికి చూపారు. ధూళి పడినది పొలాలలో. ఈత కొట్టినది సముద్రంలో. ఇంతకంటె చక్కని అన్యాపదేశం ఏ కావ్యంలోనూ చదవలేదు.

ఇక నన్ను కోపింపజేసినది ఇది. ఆ సైనికుల మూత్ర నమూనాలు సేకరించారు. చాలా ఫలితాలు ఎక్కువగా వచ్చాయి. నమూనాలు అక్కడి ధూళి వలన కలుషితమయ్యాయని చెప్పి వాటిలో అధిక భాగాన్ని లెక్కనుండి తీసివేశారు. తరువాత దశాబ్దాలలో కేన్సర్లతో వచ్చి అడిగినవారికి దొరికిన సమాధానం, మీకు హాని కలిగిందనడానికి ఆధారం లేదని! ఆధారాన్ని తీసివేసిన చేయీ, ఆధారమేదని అడిగే నోరూ ఒకే ప్రభుత్వానివి. ఆ సైనికుల జబ్బులను రేడియేషన్ సంబంధమైనవిగా పరిగణించే చట్టం అమెరికాలో 2022లో వచ్చింది. అప్పటికి 56 సంవత్సరాలు గడిచాయి. ఇరవై ఏళ్ల కుర్రవాడు డెబ్బై ఆరేళ్ల వృద్ధుడయ్యాడు, బ్రతికి ఉంటే.

ఒక్కసారి జరిగినదే కదా అనవచ్చు. రెండేళ్లకే, 1968 జనవరి 21న, గ్రీన్‌లాండ్‌లోని థూలే స్థావరం దగ్గర మరొక బి-52 సముద్రపు మంచుమీద కూలింది. మళ్లీ నాలుగు బాంబులు, మళ్లీ ప్లుటోనియం ధూళి. అక్కడ డేనిష్ కార్మికులూ పనిచేశారు. తమ నేలమీద అణ్వస్త్రాలు వద్దని డెన్మార్క్ 1957 నుండి చెబుతూనే ఉన్నది. అదే ఏడు ఆ దేశ ప్రధాని లోపాయికారిగా అనుమతించిన సంగతి 1995లో గాని బయటపడలేదు. అణ్వస్త్రాలతో నిత్యం ఎగిరే ఆ గస్తీని అమెరికా 1968లోనే ఆపివేసింది. తరువాత దెబ్బకు సులభంగా పేలని పేలుడు పదార్థాలు కొన్ని బాంబులలో చేర్చింది. అంటే బాంబు పాఠం నేర్చుకున్నది. మనిషి లెక్క మాత్రం దిద్దబడలేదు.

ఇదంతా పరదేశపు గొడవ, మనకెందుకు? అణుశక్తితో నడిచే మన మొదటి జలాంతర్గామి అరిహంత్ 2009 జులై 26న విశాఖపట్నంలోనే జలప్రవేశం చేసింది. 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో పడింది. అది అణ్వస్త్రం కాదు, ఎవరూ చనిపోలేదు. కాని ఎంతటి శిక్షణ గలవారి చేతులలోనైనా పొరపాటు జరుగుతుందని అది చాటింది. మరొక సంగతి: భాభా అణు పరిశోధన కేంద్రం భద్రతా పర్యవేక్షణను 2000లో అణుశక్తి నియంత్రణ మండలి నుండి తప్పించి ఆ సంస్థ లోపలి సంఘానికే అప్పగించారు. విద్యార్థి తన జవాబు పత్రాన్ని తానే దిద్దుకోవడాన్ని ఏ ఉపాధ్యాయుడు ఒప్పుకుంటాడు?

ఆయుధ రహస్యాలు చెప్పమని నేనడగడం లేదు. ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో నాకు అక్కరలేదు. నేనడిగేవి మూడు. ప్రమాద స్థలానికి పంపిన ప్రతి సైనికుని, కూలీవాని శరీరంలో చేరిన మోతాదును కొలిచి, వ్రాసి, ఒక ప్రతి అతని చేతికివ్వాలి. ఊరివారికి, స్థానిక వైద్యులకు మొదటి రోజునే, ఇంట్లో ఉండండి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి, ఆ పంట తినకండి అని చెప్పాలి. తప్పు ఎవరిదో విచారించేవారు ఆ ఆయుధాన్ని కాపాడేవారై ఉండరాదు. ఈ మూడింటిలో ఏది శత్రువుకు ఉపకరిస్తుంది?

"అవుననము, కాదనము" అనే నీతి శత్రువు ముందు చెల్లుతుందేమో. దగ్గుతున్న జవాను ముందు, విశాఖ తీరాన వల లాగే జాలరి ముందు చెల్లదు. నా శిష్యుడు రెండవసారి వచ్చినప్పుడు ఈ మాటే చెప్పాను. అతడు చాలాసేపు మౌనంగా కూర్చుని, "మా పటాలంలోని కుర్రవాళ్లు గుర్తుకు వచ్చారండీ" అన్నాడు.

యాదవులు రోకలిని పొడి చేయించి, దాని విషయం అంతటితో మరచిపోయారు. ఆ పొడిని ఎక్కడ పోశారో ఎవరైనా వ్రాసిపెట్టి ఉంటే, మొలిచిన తుంగను పీకివేసేవారేమో.