ఆర్‌వో ప్లాంటు ఉంటే బడిలో మంచినీళ్లు ఉన్నట్టేనా?

బడికి ఆర్‌వో ప్లాంటు వచ్చిందంటే పిల్లల నీళ్ల గొడవ తీరిపోయిందని మనవాళ్ల నమ్మకం. దాత పేరుతో శిలాఫలకం పడుతుంది, ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. ఈ నమ్మకం తప్పు. దానివల్ల నష్టపోతున్నది పిల్లలు.

ఫ్లోరైడు ఉన్నచోట ఆర్‌వో పనికొస్తుంది, కాదనను. మన దేశంలో ఫ్లోరైడు తెచ్చే జబ్బు సంగతి 1937లో మొదట బయటపడింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. నల్లగొండ పిల్లల గారపళ్లు, వంగిన కాళ్లు చూసినవాళ్లెవరూ ఆ బోరు నీళ్లు అలాగే తాగమనరు. లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 అన్నది మన ప్రమాణం. అది దాటినచోట ప్లాంటు పెట్టాల్సిందే. కరెంటు లేకుండా పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే 'నల్లగొండ పద్ధతి'ని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ఎప్పుడో రూపొందించింది. దానికి రోజూ కొలిచి కలిపే చెయ్యి, అడుగున దిగిన మడ్డి తీసే చెయ్యి కావాలి. మన బడుల్లో కొరవడింది సరిగ్గా ఆ చెయ్యే.

ఇప్పుడు చాలా ఊళ్లకు నది నీళ్లు వస్తున్నాయి. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపేవి. వాటినీ ఆర్‌వోలో పోస్తున్నాం. ఆర్‌వోలో నీళ్లను వడగట్టే పొర పాడవకుండా దానికి ముందుండే బొగ్గు ఫిల్టరు ఆ క్లోరిన్‌ను పీల్చేస్తుంది. బయటికొచ్చిన నీరు శుభ్రంగానే ఉంటుంది, కానీ దానికిక కాపలా లేదు. మూత సరిగా పడని ట్యాంకులో శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా నిలిచిందంటే ఒక్క బల్లి చాలు, ఒక్క మురికి గ్లాసు చాలు. నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న నియమం ఇందుకే ఉంది.

మనం మాత్రం టీడీఎస్ మీటరును నమ్ముతాం. మెకానిక్ దాన్ని గ్లాసులో ముంచి 50 చూపిస్తే తల్లిదండ్రుల ముఖాలు విప్పారతాయి. ఆ అంకె చెప్పేది కరిగిన లవణాల లెక్క. విరేచనాలు తెచ్చే క్రిముల గురించి అది ఒక్క మాటా చెప్పదు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌వోలను నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. చిన్న యంత్రాల్లో లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు కాలువ పాలవుతాయి మరి.

ఖర్చు సంగతీ చూడాలి. 30 మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి వచ్చే గ్రాంటు 10,000 రూపాయలు, వంద మంది లోపైతే 25,000. సుద్దముక్కల దగ్గర్నుంచి మరమ్మతుల దాకా అందులోంచే. ఫిల్టర్లు ఏటా మార్చాలి, కొన్నాళ్లకు పొర మార్చాలి. హెడ్‌మాస్టరు ఎక్కణ్ణుంచి తెస్తారు? నేను చూసిన ఒక బడిలో ప్లాంటు మీద పాత ఫ్లెక్సీ కప్పి ఉంది. పిల్లలు బయట బోరింగు కొట్టుకుని తాగుతున్నారు.

దాతలకూ ప్రభుత్వానికీ నా విన్నపం ఒకటే. ప్లాంటు కొనే ముందు నీళ్లు పరీక్ష చేయించండి. ఫ్లోరైడు, ఉప్పు లేని చోట ఆ డబ్బుతో ఒక మహిళను పనికి పెట్టండి. ట్యాంకు కడగడం, ఆ తేదీ గోడ మీద రాయడం, బ్లీచింగ్ కలపడం, కుళాయిలు బాగుచేయించడం ఆమె పని. క్లోరిన్ ఉందో లేదో కిట్టుతో చూడటం ఎనిమిదో తరగతి పిల్లలకు నేర్పితే వాళ్లే చూస్తారు.

మరుగుదొడ్లలో నీళ్లు ఉండేలా చూసేదీ ఆమే. అక్కడ నీళ్లు లేని బడిలో ఆడపిల్లలు సాయంత్రం దాకా గొంతు తడుపుకోరు. పొద్దున అమ్మ నింపిచ్చిన సీసా మూత తియ్యకుండానే ఇంటికి తిరిగొస్తుంది.