అక్షరం నిలిస్తే చాలునా?

మన సంచికను తెలుగు విద్యార్థి ఎడమవైపు నుండి తెరుస్తాడు, ఉర్దూ విద్యార్థి కుడివైపు నుండి తెరుస్తాడు. ఇది మనకే చెల్లిన వింత అనుకునేవారు కర్నూలు జిల్లా జొన్నగిరి చేరువనున్న ఎర్రగుడి బండలను ఒకసారి చూసి రావాలి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన అక్కడి లఘుశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు నడుస్తాయి. రాయి నిలిచింది. కాని ఆ బ్రాహ్మీలిపిని చదవగలవారు వందల ఏండ్లు ఈ దేశంలో లేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి గుట్టు విప్పి ఉండకపోతే అవి మనకు ఉత్త గీతలే.

ఈ ప్రస్తావన ఎందుకంటే, చిరకాలం నిలిచే పలక ఒకటి దొరికిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అది డి.ఎన్.ఎ. అణువు. కంప్యూటరులోని సమాచారమంతా సున్నాలు, ఒకట్ల వరుసయే. డి.ఎన్.ఎ.లో ఎ, టి, జి, సి అనే నాలుగు క్షారాలున్నాయి. 00కు ఒకటి, 01కు ఒకటి అని ఒప్పందం చేసుకొని, ఆ వరుసలో అణువును ప్రయోగశాలలో కూర్చుతారు. 2012లో హార్వర్డ్ ఆచార్యుడు జార్జ్ చర్చ్ బృందం ఒక పుస్తకాన్నే ఇట్లా రాసి, తిరిగి చదివింది. 2017లో ఎర్లిక్, జీలిన్‌స్కీ అనే ఇద్దరు ఒక గ్రాములో 215 పెటాబైట్లు ఇమిడే పద్ధతి చూపారు. పెటాబైటు అంటే పది లక్షల గిగాబైట్లు! పొడిగా, చల్లగా ఉంచితే వేల ఏండ్లు చెడదట. పొడికి మన సీమలో కొరత లేదు, చల్లదనమే అరువు తెచ్చుకోవాలి. ఖర్చు మాత్రం ఇంకను మనవంటి వారికి అందనిది.

చదివేటప్పుడు తప్పులు దొర్లుతాయి గనుక ఒకే వరుసకు అనేక ప్రతులు తీసి, పోల్చి, సరియైన పాఠాన్ని తేలుస్తారు. కడపలో సి.పి. బ్రౌన్ దొర జీతమిచ్చి పండితులచేత చేయించిన పని ఇదే కదా! ఒకే కావ్యానికి పలు తాటాకు ప్రతులు సేకరించి, పాఠభేదాలు చూపించి, శుద్ధప్రతి రాయించాడు.

అయితే ఏ అంకె ఏ అక్షరమో చెప్పే ఒప్పందం పోయిన నాడు ఆ అణువు కూడా ఎర్రగుడి బండయే. ఒప్పందం దొరికినా చివరకు బయటపడేది ఒక ఉర్దూ వాక్యమో, తెలుగు వాక్యమో. ఇంట ఉర్దూ మాట్లాడుతూ ఆ లిపి చదవలేనివారు నేడు మనలోనే ఉన్నారు. తెలుగు ఇంట పుట్టి తెలుగు పుటను దాటవేసేవారూ ఉన్నారు. వీరికోసం ఏ అణువు ఏమి చేయగలదు?

కాబట్టి కళాశాల సంఘం వారికి మా మనవి. పాత సంచికలకు ఫోటోలు తీయించి ఊరుకోవద్దు. ఒక ఉర్దూ విద్యార్థి, ఒక తెలుగు విద్యార్థి పక్కపక్కన కూర్చుని ఒక్కొక్క వ్యాసాన్ని పైకి చదివి, రెండు లిపులలోను టైపు చేయాలి. వేసవి సెలవులకు ముందే, బీరువా అడుగు అరలోని సంచికలతో మొదలుపెట్టడానికి మేము సిద్ధం.