‘నో కాంటెస్ట్’ అన్నాక అప్పీలుకు దారి ఇరుకే

పిల్లలు అమెరికాలో ఉన్న మన ఇళ్లు బళ్లారి నుంచి బరంపురం దాకా ఉన్నాయి. అక్కడి కోర్టుల్లో వినిపించే ‘నో కాంటెస్ట్’ మాట బరువెంతో వారికి ముందే తెలియాలి.

కాలిఫోర్నియానే చూద్దాం. దొంగతనం ఉద్దేశంతో లోపలికి చొరబడితే బర్గ్లరీ. అది నివాస గృహమైతే 2, 4 లేదా 6 ఏళ్ల జైలు. ‘నేరం చేశానని అనను, కేసుతో పోరాడను’ అనడమే నో కాంటెస్ట్. తప్పు ఒప్పుకోలేదు కదా అని కొందరు ధీమా పడతారు. ఇలాంటి పెద్ద నేరాల్లో చట్టం దృష్టికి అది నేరాంగీకారమే.

అప్పీలుకు గడువు 60 రోజులు. ఆ అంగీకారమే చెల్లదని వాదించాలంటే, కింది కోర్టే అందుకు ధ్రువపత్రం ఇవ్వాలి. లేకుంటే శిక్ష ఖరారు, పోలీసుల సోదా వంటి కొద్ది అంశాలే మిగులుతాయి. సాక్ష్యం చాలదన్న వాదనకు చోటుండదు.

పౌరసత్వం లేనివారికి ముప్పు ఇంకా పెద్దది. ఏడాది, ఆపైన శిక్ష పడిన బర్గ్లరీ దేశం నుంచి పంపేయడానికి దారితీయవచ్చు. నేరాంగీకారానికి ముందే లాయరు ఈ ముప్పును చెప్పాలని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

మన దేశంలోనూ ప్లీ బార్గెయినింగ్ తీర్పుపై మామూలు అప్పీలు లేదు.

కేసు త్వరగా తెమిలిపోతుందని తల ఊపకముందే వలస చట్టం తెలిసిన లాయరును అడగాలి. ఇంగ్లిష్ అర్థం కాకపోతే దుబాసీని కోరాలి. కాలిఫోర్నియాలో అది రాజ్యాంగ హక్కు.