ఇల్లు కట్టినవాడి పేరు మీ దగ్గర ఎందుకు లేదు?

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,



పోయిన నెల మీ శాఖ కింద పనిచేసే ఒక మున్సిపాలిటీ నుంచి నాకు నోటీసు వచ్చింది. నా ఇంటికి ఉత్తరం వైపు ప్లానులో చూపించిన మీటరు ఖాళీ పూర్తిగా వదల్లేదట, ఒక మూల జానెడు తగ్గిందట. వారం లోపల సంజాయిషీ ఇవ్వకపోతే చట్టప్రకారం చర్య తీసుకుంటారట. ఆ నోటీసు నాకెందుకు వచ్చిందో మీరు వినాలి. అందుకే ఈ ఉత్తరం పత్రికాముఖంగా రాస్తున్నాను. ఊరి పేరు గానీ, అధికారుల పేర్లు గానీ రాయడం లేదు. వాళ్ళ మీద చర్య నాకు అక్కర్లేదు. వాళ్ళు పైనుంచి వచ్చిన నియమాల ప్రకారమే నడిచారు. నా తగువు ఆ నియమాలతో.

ఆ అధికారులను మా ఇంటికి పిలిచింది నేనే. నేను రిటైరైన టీచర్ని. చేతికొచ్చిన జీపీఎఫ్, గ్రాట్యుటీ డబ్బుతో 180 గజాల స్థలంలో కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను వేసుకుందామని ఒక కాంట్రాక్టరుకు మెటీరియల్‌తో సహా చదరపు అడుగు లెక్కన పని అప్పగించాను. మొత్తం 36 లక్షలు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. పునాదికి ఇంత, ప్లింత్ బీముకి ఇంత, స్లాబుకి ఇంత అని దశల వారీగా ఇస్తూ వచ్చాను. రెండో స్లాబు పడేసరికి ముప్పావు వంతు పైగా అతనికి ముట్టింది. ఆ తర్వాత పని ఆగింది.

సెంట్రింగు విప్పితే బీముల అడుగున కంకర తేలి, చువ్వలు కంటికి కనబడుతున్నాయి. సిమెంటు పాలు పూసి గిలాబు కొట్టేస్తే ఏమీ తెలియదని అతని మేస్త్రి నాతోనే అన్నాడు. ఎండాకాలంలో వేసిన స్లాబుకి మూడో రోజు నుంచే నీళ్ళు కొట్టడం మానేశారు. కనీసం ఏడు రోజులు, వేడి ఎక్కువైతే పది రోజులు తడిపి ఉంచాలని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మొదటి వానకే పై పోర్షను వంటింట్లో స్లాబు చెమ్మగిల్లి బొట్లు బొట్లుగా కారింది. అడిగితే ఎక్స్‌ట్రా పనుల కింద ఇంకా తనకే రావాలని ఒక చిట్టా రాసి పంపాడు. ఫోన్ ఎత్తడం మానేశాడు.

అప్పుడు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టాను. మీ అనుమతితో లేచిన ఇంట్లో బీములు ఇలా ఉన్నాయి, వచ్చి చూడండి అని. వచ్చారు. టేపు తీశారు. చుట్టూ కొలిచారు. బీము చూపిస్తుంటే, "క్వాలిటీ మా పరిధిలోకి రాదమ్మా, అది మీకూ కాంట్రాక్టరుకూ మధ్య వ్యవహారం" అన్నారు. ఆ తర్వాత వచ్చిందే ఈ నోటీసు. నా ఫిర్యాదుకు జవాబుగా మీ శాఖ నాకు ఇచ్చింది ఈ ఒక్క కాగితమే.

ఆ జానెడు ఎలా తగ్గిందో కూడా చెప్తాను. పునాదికి ముగ్గు పోసింది కాంట్రాక్టరు మేస్త్రి. గుంతలు తీయించింది, కాలమ్‌లు నిలబెట్టింది కాంట్రాక్టరే. ఉత్తరం వైపు ఒక కాలమ్ గీత దాటి బయటికి వచ్చింది. ప్లాను చూసి కట్టాల్సిన మనిషి ప్లాను చూడకుండా కడితే, ఆ తప్పుకు నేను సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ బీములోకి ఇసుక ఎంత పోశాడో, సిమెంటు ఎంత తగ్గించాడో మాత్రం ఎవరికీ పట్టదు. ఖాళీ స్థలం తగ్గితే పక్కింటికి గాలి తగ్గుతుంది, ఒప్పుకుంటాను. బీము కూలితే తగ్గేది ఏమిటి?

అయ్యా, 2020లో టీఎస్ బీపాస్ చట్టం తెచ్చారు. 75 గజాల లోపు ఇంటికి రూపాయితో రిజిస్ట్రేషన్, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకూ స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గింది, సంతోషం. కానీ ఆ స్వీయ ధ్రువీకరణలో సంతకం ఎవరిది? యజమానిది. అనుమతికి భిన్నంగా కడితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టం మీకు ఇచ్చింది. ఆ భారమంతా ఎవరి నెత్తిన? యజమాని నెత్తిన. అనుమతి ఫీజు నేను కట్టాను. నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు నేనే కట్టాను. ప్లాను గీసిన ఇంజినీరు లైసెన్సు నెంబరు మీ దగ్గర ఉంది. నా ఆధార్ ఉంది, రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉంది, ఇంటి ముందు రోడ్డు వెడల్పు కూడా ఉంది. ఇల్లు కట్టినవాడి పేరు రాయడానికి మాత్రం మీ దరఖాస్తులో గడి లేదు.

ఇదే కాంట్రాక్టరు మీ దగ్గర కాలువ పనో, బడి గదో తీసుకుంటే ఏం చేస్తారు? ముందు రిజిస్టరైన కాంట్రాక్టరేనా అని చూస్తారు. టెండరుతో పాటు ధరావతు కట్టించుకుంటారు. ప్రతి బిల్లులో కొంత డిపాజిట్ కింద పట్టి ఉంచుతారు. కొలతల పుస్తకంలో ఏఈ రాసి, డీఈ చెక్ చేశాకే డబ్బు వదులుతారు. పని అయ్యాక కూడా లోపాల బాధ్యత గడువు దాటేదాకా ఆ డిపాజిట్ మీ దగ్గరే ఉంటుంది. కాంట్రాక్టరు చేతికి ముందే డబ్బు పోతే ఏమవుతుందో సర్కారుకు బాగా తెలుసన్నమాట. తన డబ్బుకు ఇన్ని తాళాలు వేసుకున్న సర్కారు, రిటైరైన టీచరు గ్రాట్యుటీకి, గల్ఫ్ నుంచి నెలనెలా డబ్బు పంపే కొడుకు కష్టానికి ఒక్క తాళం కూడా ఎందుకు ఆలోచించలేదు?

"రెరా ఉంది కదా" అని చాలామంది నాతో అన్నారు. వాళ్ళకీ తెలియదు, నాకూ ఇల్లు మొదలుపెట్టే ముందు ఎవరూ చెప్పలేదు. 2016 రెరా చట్టం ఫ్లాటో, ప్లాటో కొన్నవాళ్ళ కోసం. స్థలం 500 చదరపు మీటర్లు దాటితేనో, ఫ్లాట్లు ఎనిమిది దాటితేనో ఆ ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒప్పందం రిజిస్టరు కాకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనేవాళ్ళ డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. ఇల్లు అప్పగించాక అయిదేళ్ళ లోపు కట్టుబడి లోపం బయటపడితే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. బిల్డరు డబ్బు వాపసు ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేసే అధికారం కూడా ఉంది. ఎంత మంచి చట్టం! సొంత స్థలంలో కాంట్రాక్టరు చేత కట్టించుకున్న నాకు అందులో చోటు లేదు. నేను ఏమీ కొనలేదు, అతను ఏమీ అమ్మలేదు. ఫ్లాటు కొన్నవాళ్ళకు అయిదేళ్ళ హామీ ఇచ్చిన దేశంలో సొంతిల్లు కట్టుకున్నవాళ్ళకు అయిదు రోజుల హామీ కూడా లేకపోవడానికి కారణం ఏమిటి? మన జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో అపార్ట్‌మెంట్లు ఎక్కువా, సొంత స్థలాల్లో లేచే ఇళ్ళు ఎక్కువా?

పోలీసు స్టేషన్‌కు వెళ్ళాను. సివిల్ మేటర్ అన్నారు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించగలిగితే తప్ప అది క్రిమినల్ కేసు కాదని వకీలు కూడా చెప్పారు. పని సగంలో ఆపడం, నాసిరకంగా చేయడం ఒప్పంద భంగం మాత్రమే. సివిల్ కోర్టుకు మూడేళ్ళ లోపు వెళ్ళవచ్చు. కోరే పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు. ఇల్లు ఉన్న స్థితిని నమోదు చేయడానికి అడ్వొకేట్ కమిషనరును వేయమని అడగవచ్చు. అది ఎన్నేళ్ళు నడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మిగిలింది వినియోగదారుల కమిషన్. మా వకీలు అటే వెళ్ళమన్నారు. గృహ నిర్మాణం సేవ కిందికి వస్తుందని 1993లోనే వినియోగదారుల చట్టంలో చేర్చారు, 2019 చట్టంలోనూ అది ఉంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకూ అయితే జిల్లా కమిషన్. 20 లక్షలు దాటి 50 లక్షల దాకా ఫీజు వెయ్యి రూపాయలే. నేనున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్ళు. ఎదుటివాడు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో రాశారు. ఆర్డరు వచ్చాక కూడా కట్టకపోతే మూడేళ్ళ దాకా జైలు వేయవచ్చు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆ కమిషన్లలో సభ్యుల ఖాళీల మీద 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. ఆ సంగతి మీ శాఖది కాదని నాకు తెలుసు. మీ శాఖ చేతిలో ఉన్నది ఒకటుంది, అది సాక్ష్యం.

బీము నాసిరకం అని నేనంటే కమిషన్ నమ్మదు. ఇంజినీరు రాసివ్వాలి. మా ఊళ్ళో ప్రైవేటు ఇంజినీర్లను అడిగితే, రేపు అదే కాంట్రాక్టర్లతో పని ఉంటుందని తప్పుకున్నారు. కాంక్రీటు కోర్ తీసి పరీక్షించాలంటే ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుకు రాయాలి, ఖర్చు పెట్టుకోవాలి, ఇంటికే రంధ్రాలు పెట్టించుకోవాలి. ఈలోగా స్లాబు రిపేరు చేయిస్తే సాక్ష్యం పోతుంది. చేయించకపోతే వానకి చువ్వలు తుప్పు పడతాయి. కేసు గెలవాలంటే ఇల్లు పాడవనివ్వాలి, ఇల్లు కాపాడుకోవాలంటే కేసు వదులుకోవాలి. టేపు పట్టుకుని వచ్చిన ఆ ఇంజినీరు, అదే కాగితం మీద "బీముల అడుగున చువ్వలు బయటికి కనబడుతున్నాయి" అని ఒక్క వాక్యం రాసి ఉంటే నాకు అది ఎంత బలమో మీకు తెలుసా? కంటితో చూసిన దాన్ని రాయడానికి ఏ నియమం అడ్డం వచ్చింది?

ఇది నా ఒక్కదాని గోడు కాదు. మా వీధిలోనే ఒక పెద్దాయన స్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చి, తన వాటా ఫ్లాట్లకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాక ఏళ్ళుగా తిరుగుతున్నారు. స్థలం ఇచ్చిన యజమాని కూడా బిల్డరు మీద వినియోగదారుడే అని 2008లో ఫకీర్ చంద్ గులాటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఆయనకు మున్సిపల్ కౌంటరులో ఎవరూ చెప్పలేదు. ఇంకొకరికి ప్లింత్ దాకా కట్టి మాయమైన మేస్త్రి. ఇంకొకరికి సెప్టిక్ ట్యాంకు పక్కింటి హద్దులో. అందరిదీ ఒకటే అనుభవం. ఫిర్యాదు పెడితే ముందుగా కొలిచేది ఫిర్యాదు పెట్టినవాళ్ళ ఇంటినే. అందుకే చాలామంది నోరు మూసుకుంటున్నారు. నాకు కూడా ఇంట్లో అదే చెప్పారు.

ఇప్పుడు మీకు బాగా తెలిసిన సంగతే గుర్తు చేస్తాను. 2012 ఏప్రిల్ 7న వచ్చిన 168వ జీవో, అంటే ఇవాళ్టికీ మీరు సెట్‌బ్యాకులకు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీకి, ఆధారంగా చూపించే భవన నిర్మాణ నియమాలు. వాటిలోనే డెవలపర్లకు, బిల్డర్లకు, ఇంజినీర్లకు స్థానిక సంస్థ లైసెన్సు తప్పనిసరి అని ఉంది. లైసెన్సు లేనివాళ్ళను పని చేయనివ్వకూడదని ఉంది. ఇంజినీర్ల సంగతి అమలవుతోంది. మరి బిల్డర్లది? ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు బిల్డరు కాదా? చదరపు అడుగు లెక్కన 36 లక్షల పని పట్టేవాడు ఆ మాట కిందికి రాకపోతే ఇంకెవరు వస్తారు? మా మున్సిపాలిటీలో లైసెన్సు ఉన్న బిల్డర్ల జాబితా ఏదని అడిగితే ఎవరూ చూపించలేకపోయారు. మీటరు ఖాళీ గురించి రాసిన నియమం నా మీద ప్రయోగించడానికి పనికొచ్చినప్పుడు, అదే జీవోలో ఉన్న ఇంకో నియమం నన్ను కాపాడడానికి ఎందుకు పనికి రాలేదు?

నేను కొత్త చట్టం అడగడం లేదు. అనుమతి దరఖాస్తులో కట్టేవాడి పేరు, సంతకం ఉండాలి. ప్లాను తప్పితే అతనూ జవాబు చెప్పాలి. నాలాంటివాళ్ళు స్టాంపు కాగితం రాసే మనిషి మీద ఆధారపడకుండా, తెలుగులో ఒక నమూనా ఒప్పందం మీరే ఇవ్వవచ్చు. చివరి విడత డబ్బు ఒక వానాకాలం దాటేదాకా ఆపుకునే హక్కు అందులో ఉండాలి. స్లాబు వేసే ముందు ఎవరో ఒక బాధ్యత గల మనిషి చువ్వలు చూసి సంతకం పెట్టే ఏర్పాటు ఏ రూపంలో సాధ్యమో మీకే బాగా తెలుస్తుంది. ఫిర్యాదు ఇచ్చిన మనిషి మీద అదే ఫిర్యాదు ఆధారంగా ముందు చర్య మొదలుపెట్టడం మాత్రం వెంటనే ఆపించండి. అది అన్యాయం.

నా నోటీసు రద్దు చేయమని ఈ ఉత్తరం రాయలేదు. దానికి జవాబు వేరేగా ఇచ్చాను. తగ్గిన జానెడుకు చట్టం వేసే జరిమానా ఏమిటో అది నేను కడతాను. రాష్ట్రంలో ప్రతి మున్సిపాలిటీలోనూ లైసెన్సు ఉన్న ఇళ్ళ కాంట్రాక్టర్ల జాబితా, ఎవరి మీద ఏ ఫిర్యాదు ఉందో ఆ వివరంతో సహా, వచ్చే వానాకాలం లోపల నోటీసు బోర్డు మీద పెట్టించమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఇంటి యజమానురాలు