తొలి మంచు ఎక్కడ నిలుస్తుంది?

పిల్లలూ! తొలకరి చినుకు పడగానే రైతు విత్తనం చల్లడు. పొలంలోకి వెళ్లి, పిడికెడు మన్ను తీసి నలిపి చూస్తాడు. పదును లోపలిదాకా దిగిందో లేదో తెలుసుకుంటాడు. పైపై తడిని నమ్మి విత్తితే గింజ ఎండిపోతుందని అతనికి తెలుసు.

చలిదేశాల్లో మంచుకు ఇలాంటి పరీక్షే పెట్టేవాళ్లున్నారు. వాళ్లు స్కీ ఆటగాళ్లు. కాళ్లకు రెండు పొడుగాటి పలకలు బిగించుకుని, మంచు కప్పిన వాలు మీద జారుకుంటూ పోవటమే ఈ ఆట. నడి చలికాలంలో మంచు చాలాచోట్ల పుష్కలంగా ఉంటుంది. కాని చలి ముదరకముందే, ఏ నవంబరులోనో ఆడాలంటే ఎక్కడికి పోవాలి? డబ్బు ఖర్చుపెట్టి, పిల్లలను వెంటబెట్టుకుని అంతదూరం పోయాక మంచు లేకపోతే ఏం చేస్తారు? పలచగా ఉండి, దానికింద రాళ్లుంటే మరీ ప్రమాదం. అందుచేత బయలుదేరకముందే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఆ చోటు ఎంత ఎత్తు? పైకి పోయినకొద్దీ గాలి చల్లబడుతుంది. ప్రతి 1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. స్విట్జర్లాండులో జెర్మాట్ అనే ఊరు సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుంచి తీగలమీద నడిచే బండ్లెక్కి 3,883 మీటర్ల దాకా పోవచ్చు. ఊళ్లో 8 డిగ్రీలున్న రోజున పైన సున్నాకు ఆరేడు డిగ్రీలు కిందికి ఉంటుందన్నమాట! పైగా అక్కడ హిమానీనదం ఉన్నది. అంటే, ఏళ్ల తరబడి పేరుకుని, మెల్లమెల్లగా కిందికి కదిలే మంచుగడ్డల ప్రవాహం. అందుకే అక్కడ వేసవిలో కూడా స్కీ ఆడతారు. అయినా ఎత్తు ఒక్కటే చాలదు. 2022 అక్టోబరులో, అక్కడినుంచి ఇటలీలోకి దిగే ప్రపంచకప్ పందెం, కిందిభాగంలో మంచు చాలక రద్దయింది.

రెండో ప్రశ్న: ఎండ ఎంత తగులుతుంది? ఫిన్లండులోని లెవి కొండ ఎత్తు 531 మీటర్లే. మన తిరుమలకన్న తక్కువ! కాని అది ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉన్నది. నవంబరులో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నేలను అంటుకున్నట్టే కనిపిస్తాడు. డిసెంబరులో కొన్నాళ్లు అసలు ఉదయించనే ఉదయించడు. ఇక మంచు కరిగేదెట్లా? అందుకే అక్కడ నవంబరులో ప్రపంచకప్ పందేలు పెడతారు. గెలిచినవారికి ఒక ధ్రువపు జింకను బహుమానంగా ఇచ్చి, దానికి పేరు పెట్టమంటారు. ఇతర కొండల్లో కూడా, మన అర్ధగోళంలో, ఉత్తరం వైపుకు తిరిగిన వాలు మీద మంచు ఎక్కువకాలం నిలుస్తుంది.

మూడో ప్రశ్న: మంచు కింద ఏమున్నది? నున్నని పచ్చికబయలైతే మూరెడు మంచుతో కప్పుకుంటుంది. రాళ్లగుట్టయితే అంతకు ఎన్నో రెట్లు పడాలి.

నాలుగో ప్రశ్న: అక్కడివాళ్లు మబ్బునే నమ్ముకున్నారా, తామూ మంచు చేస్తారా? మంచుతుపాకి అనే యంత్రం నీటిని సన్నని తుంపరగా గాలిలోకి చిమ్ముతుంది. అది నేలను చేరేలోపల గడ్డకట్టి మంచవుతుంది. ఇందులో ఒక తమాషా ఉన్నది. మట్టికుండలో నీరు ఎట్లా చల్లబడుతుందో ఎరుగుదురు కదా? పైకి ఊరిన తడి ఆవిరి అవుతూ వేడిని లాక్కుపోతుంది. గాలి పొడిగా ఉంటే నీరు బాగా చల్లబడుతుంది, ఉక్కగా ఉంటే చల్లబడదు. తుంపర సంగతీ అంతే. గాలి బాగా పొడిగా ఉంటే సున్నా డిగ్రీల దగ్గరే మంచు తయారవుతుంది. చెమ్మగా ఉంటే, సున్నాకు ఒక డిగ్రీ దిగినా తయారుకాదు.

స్విట్జర్లాండులోనే, మీ నాన్నగారు పత్రికల్లో చదివే దావోస్‌లో, మరో ఉపాయం చేస్తారు. చలికాలపు మంచును గుట్టపోసి, దాని మీద దాదాపు మూరెడు మందాన రంపపుపొట్టు కప్పుతారు. వేసవి గడిచినా అందులో చాలాభాగం కరగదు. అక్టోబరు చివర పొట్టు తీసి, ఆ మంచు పరిచి బాట వేస్తారు. మన ఊళ్లలో ఐసుగడ్డలను పొట్టులోనో ఊకలోనో కప్పి ఉంచటం కూడా ఇదే కిటుకు!

ఇక మన దేశం సంగతి. కాశ్మీరులోని గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది. మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే మేఘాలు అక్కడ మంచు కురిపిస్తవి. 2024 జనవరిలో చాలా రోజులు అవి రాలేదు. చలి ఉన్నది, కాని వాలులు బోడిగా కనిపించినవి. నెలాఖరుకు గాని మంచు పడలేదు. చూశారా, చలి ఉంటే చాలదు, మేఘం కూడా రావాలి! కనక అక్కడికి జనవరి, ఫిబ్రవరి నెలల్లో, అదీ మంచు పడిందని తెలుసుకున్నాకనే పోవటం మంచిది.

మరొక్క జాగ్రత్త. ఎత్తయిన నీడ వాలు మీద తొలి మంచు ముందుగా నిలుస్తుందన్నాను. ఆ పొర పలచగా ఉండి చలి రాత్రులు గడిస్తే, దాని రేణువులు పంచదార పలుకుల్లాగా విడిపోతవి. తరవాత దానిమీద కొత్తమంచు దట్టంగా పడుతుంది. ఇసుక పునాది మీద కట్టిన గోడ ఏమవుతుంది? మనిషి బరువు పడగానే పైపొర అంతా చరియలాగా విరిగి జారవచ్చు. హిమానీనదం మీద అయితే, పలచని మంచు కింద లోతైన బీటలు దాగి ఉంటవి. అందుచేత, అక్కడివారు పరీక్షించి తెరిచిన బాటల్లోనే దిగాలి.

ఇప్పుడు మీకొక ప్రశ్న. రెండు వాలులున్నవి. ఒకటి ఎత్తుగా ఉన్నది, కాని దక్షిణానికి తిరిగి, రాళ్లతో నిండి ఉన్నది. రెండోది అంతకన్న పల్లం, ఉత్తరానికి తిరిగిన పచ్చిక. అక్కడ రాత్రిళ్లు పొడిచలి, మంచుతుపాకులు కూడా ఉన్నవి. నవంబరులో మీరు దేనికి పోతారు? ఎందుకో మీ అమ్మానాన్నలకు చెప్పి ఒప్పించండి. రెండింటిమీదా మంచు పలచగానే ఉన్నదంటే మాత్రం, “ఈ వారం వద్దు” అనటమే సరైన జవాబు. రైతు కూడా రెండో వానకోసం ఆగుతాడు.