కొసరు ఏ యాప్‌లో దొరుకుతుంది?

ముందే చెప్పేస్తున్నా, ఇది ఆన్‌లైన్‌లో కొనొద్దని నీతులు చెప్పే వ్యాసం కాదు. అర్ధరాత్రి ఇయర్‌ఫోన్స్ ఆర్డర్ పెట్టే జనాభాలో నేనూ ఉన్నాను, ఇకముందూ ఉంటాను. నా ప్రశ్న వేరు. వరంగల్‌లో నాలుగేళ్లు చదివి, హన్మకొండ చౌరస్తాలో గట్టిగా నాలుగుసార్లు కూడా నడవకుండా పట్టా పుచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు మనలో ఎంతోమంది. ఎందుకిలా?

ఈ ఊరికీ చదువులకీ బంధం ఈనాటిది కాదు. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాయి. ఆ తర్వాత ప్రైవేటు కాలేజీలు వరస కట్టాయి. కాజీపేట, హన్మకొండ, వరంగల్ కలిపి ఏటా వేలమంది కొత్త పిల్లలు పెట్టెలతో దిగుతారు. బకెట్టు, పరుపు, డ్రాఫ్టర్, ల్యాబ్ ఆప్రాన్‌తో మొదలై ఫేర్‌వెల్ చీర దాకా అందరికీ ఏదో ఒకటి కావాలి. ఇంత గిరాకీ పక్కనే ఉన్నా అది బజారు దాకా నడిచి వెళ్లట్లేదు.

ఫోన్లు వచ్చి దుకాణాలను మింగేశాయి అంటారు. అది సగం నిజం. మిగతా సగం రోడ్డు మీదే ఉంది. ఒక సాయంత్రం చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి వైపు నడిచి చూడండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అంత దగ్గర్లో ఉన్న బజారు మన దేశంలో ఎన్ని ఊళ్లకు ఉంది? అయినా కళ్లు గుడి మీదా షాపుల మీదా ఉండవు, వెనక నుంచి వచ్చే బండి మీద ఉంటాయి. ఫుట్‌పాత్ మీద బైకులు, బైకుల పక్కన ఆటోలు, మిగిలిన సందులో మనం. రెండు గంటలు తిరగాలంటే మంచి టాయిలెట్ ఎక్కడుందో ముందే తెలిసుండాలి. ఈ మాట అబ్బాయిలకు అంతగా తట్టదు, అమ్మాయిల్ని అడగండి. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరిన ఊరు మనది. నిర్భయంగా నడవగలిగే ఫుట్‌పాత్‌ను మించిన స్మార్ట్ ఏముంటుంది?

"అయినా బజారు ఎందుకు బతకాలి, సరుకు గదికే వస్తోంది కదా" అంటారా? సరుకొక్కటే అయితే నిజమే. కానీ మూర పూలు కొలిచాక ఇంకో నాలుగు వేళ్లు కలిపి ఇస్తుంది చూడండి పూలమ్మే అవ్వ, ఆ కొసరు ఏ యాప్‌లో దొరుకుతుంది? ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్యాంటు పొడవెక్కువైతే వెళ్లేది టైలర్ దగ్గరికే. బ్యాగు జిప్పు ఊడినా, చెప్పు తెగినా, ఫోన్ స్క్రీన్ పగిలినా అంతే. కొత్తవి అమ్మే దుకాణాలు పోతే వాటిని చూసుకుని బతికే ఈ చిన్న పనివాళ్లూ పోతారు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని నేసే కొత్తవాడ ఇక్కడికి ఒక్క ఆటో దూరం. మన హాస్టల్ గదుల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుందాం.

మరి ఏం చెయ్యాలి? ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఎర్రకోట వైపు నుంచి ఫతేపురి మసీదు దాకా సుమారు 1.3 కిలోమీటర్లు బాగుచేసి 2021లో ప్రారంభించారు. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు రాకూడదని నియమం. అమలు సరిగా లేదన్న ఫిర్యాదులు అక్కడా ఉన్నాయి. చెన్నై పాండీ బజార్‌లో 2019లో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. నెలలో రెండు ఆదివారాలు, సాయంత్రం 5 నుంచి 9 దాకా, ఒక్క వీధిలో బండ్లు ఆపి చూద్దాం. పార్కింగ్ పక్క వీధిలో పెడదాం. "బండి రాకపోతే బేరమూ రాదు" అని షాపుల వాళ్లు భయపడతారు. వాళ్ల భయం న్యాయమైనదే, అద్దె కట్టేది వాళ్లు. అందుకే ఒట్టి మాటలు కాదు, లెక్కలు కావాలి. ఆ రోజు ఎంతమంది నడిచారు, ఎంతమంది కొన్నారు, మామూలు ఆదివారంతో పోలిస్తే ఎంత తేడా? లెక్క తప్పితే వీధి మళ్లీ తెరిచేద్దాం.

ఇక్కడే నా అసలు భయం చెప్పాలి. బజారును అందంగా చేస్తామనగానే ముందు లేచిపోయేది తోపుడు బండి. అవ్వ పూలబుట్టను తీసేసి అక్కడ పూలకుండీ పెడితే అది బాగుచేయడం కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వాళ్లను ఖాళీ చేయించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. ప్లాన్ గీసే గదిలో ముందు వాళ్లకు కుర్చీ వెయ్యాలి.

దుకాణదారులూ కొంత మారాలి. ధర చీటీ అంటించండి. మొహం చూసి రేటు చెప్తారేమోనన్న అనుమానమే చాలామందిని గుమ్మం దగ్గర ఆపేస్తుంది. సైజు సరిపోకపోతే వారంలోపు మార్చి ఇస్తామని బోర్డు పెట్టండి. యాప్‌కు ఉన్న బలంలో సగం ఆ ఒక్క మాటదే.

ఇక మన వంతు. కాజీపేట, వరంగల్ మధ్య సిటీ బస్సు ఉంది, తెలంగాణ అమ్మాయిలకు 2023 డిసెంబర్ నుంచి టికెట్టు కూడా లేదు. కానీ మనం చేయగలిగింది కొనడమొక్కటే కాదు. సివిల్ వాళ్లు ఫుట్‌పాత్ కొలవగలరు, సీఎస్ఈ వాళ్లు ఏ షాపులో ఏం దొరుకుతుందో తెలుగులో ఒక మ్యాప్ చేయగలరు, ఈసీఈ వాళ్లు నడిచేవాళ్లను లెక్కపెట్టే సెన్సర్ పెట్టగలరు. మైనర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరక్క పాత రిపోర్టులు తిరగేస్తున్న బ్యాచ్‌లు కనీసం మూడు నాకు తెలుసు. టాపిక్ చౌరస్తాలో ఉంది. ఈ శనివారం బోణీ చేద్దాం, వచ్చేవాళ్లు క్లబ్ గ్రూపులో పేరు పెట్టండి.