గుర్తుండేదే గుర్తు

తెలుగులో ‘గుర్తు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. గోడ మీద గీసిన గీతా గుర్తే, మనసులో నిలిచిన జ్ఞాపకమూ గుర్తే. వ్యాపారస్తులు తమ సరుకు మీద వేసుకునే చిహ్నాన్ని ఇప్పుడందరూ ‘లోగో’ అంటున్నారు గానీ, మన మాటే మేలనిపిస్తుంది. గుర్తుండని దాన్ని గుర్తు అని ఎలా అంటాం?

మూడు నెలలకొకసారి మీ ముందుకు వచ్చే ఈ శీర్షికలో ఈసారి ఆ సంగతే ముచ్చటించుకుందాం. మన కుటుంబాలలో ఇంటి నుంచే పచ్చళ్ళు, పొడులు, పిండివంటలు అమ్మేవారున్నారు. బట్టల కొట్టు, టైలరింగ్ నడిపేవారున్నారు. వారికి ఇది కాలక్షేపం కబురు కాదు. డబ్బుతోనూ, పేరుతోనూ ముడిపడిన విషయం.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. పాత రోజుల్లో రజకులు ఊరందరి బట్టలూ కలిపి ఉతికి, ఎవరివి వారికి తప్పకుండా చేర్చేవారు. నల్లజీడి గింజ రసంతో బట్ట మూల రెండు చుక్కలో, ఒక అడ్డగీతో పెట్టేవారు. ఎన్ని ఉతుకులు ఉతికినా అది చెరిగేది కాదు. దానికి అక్షరం అక్కర్లేదు, రంగు అక్కర్లేదు. పక్క గుర్తుతో కలవకుండా ఉంటే చాలు. మంచి గుర్తుకు కావలసిన లక్షణాలన్నీ ఆ రెండు చుక్కల్లోనే ఉన్నాయి.

దేశం మొత్తానికి ఇలాంటి అవసరం 1951-52లో వచ్చింది. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. వారిలో ఎక్కువ మందికి చదువు రాదు. అందుకని అభ్యర్థికొక పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. కాడెద్దులు, గుడిసె, దీపం, చెట్టు - పల్లెలో పుట్టిన ఎవరికైనా చూడగానే తెలిసే వస్తువులు. తరువాతి కాలంలో ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఈ బొమ్మలను పెన్సిలుతో గీసేవారు. ఆయన 1992లో పదవీ విరమణ చేశారు. నల్లని గీతలే తప్ప హంగులు లేని ఆ బొమ్మలను నమ్ముకునే కోట్లమంది ఓటు వేశారు.

1960ల చివర కుటుంబ నియంత్రణ ప్రచారానికి దీప్ త్యాగి అనే అధికారి తలకిందులు చేసిన ఎర్ర త్రికోణాన్ని ఎంచుకున్నారు. మూడు గీతలు, ఒక రంగు. ఆసుపత్రి గోడ మీద సున్నం వేసేవాడు కూడా స్కేలు పెట్టి గీయగలడు. ఆ రోజుల్లో పెరిగినవారు దాన్ని ఇప్పటికీ మరచిపోలేదు.

స్టేట్ బ్యాంకు గుర్తు చూడండి. మొదట్లో ఆ బ్యాంకుకు మర్రిచెట్టు గుర్తుగా ఉండేది. 1971లో అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చెందిన శేఖర్ కామత్ ఇప్పటి గుర్తును రూపొందించారు. ఒక నీలి వలయం, మధ్యలో చిన్న తెల్ల చుక్క, దాని నుంచి కిందికి ఒక సన్నని చీలిక. కొందరికది తాళపుచెవి రంధ్రం. అహ్మదాబాదు కాంకరియా చెరువును చూసి గీశారని మరికొందరు కథ చెబుతారు. ఏ కథా తెలియని ముసలమ్మ కూడా పింఛను కోసం ఆ నీలి గుండ్రాన్ని చూసుకుంటూ బ్యాంకుకు వెళుతుంది. గుర్తు చేయవలసిన పని అంతే.

విదేశాల సంగతీ ఇంతే. 1976లో ఆపిల్ కంప్యూటర్ కంపెనీ మొదటి చిహ్నంలో న్యూటన్ చెట్టు కింద కూర్చుని ఉంటాడు. చుట్టూ రిబ్బను, రిబ్బను మీద పేరు, అంచుల మీద చిన్న అక్షరాలు. చిన్న సైజులో అచ్చువేస్తే అంతా అలుక్కుపోయేది. మరుసటి ఏడాది రాబ్ జానాఫ్ అనే ఆయన అదంతా తీసేసి ఒక్క పండును మిగిల్చారు. పక్కన కొరికిన గాటు కూడా అలంకారానికి పెట్టింది కాదు. అది లేకపోతే చిన్న సైజులో ఆపిల్ కాస్తా చెర్రీ పండులా కనపడుతుందట! తీసేయడమూ ఒక పనే, ఉంచవలసింది ఉంచడమూ ఒక పనే.

మన రూపాయి గుర్తు ఇంకా మంచి ఉదాహరణ. తమిళనాడుకు చెందిన డి. ఉదయకుమార్ గీసిన ఈ గుర్తును కేంద్ర ప్రభుత్వం 2010 జూలై 15న ఆమోదించింది. నాగరి ‘ర’, నిలువుగీత లేని రోమన్ ‘ఆర్’ ఒకే ఆకారంలో ఒదిగిపోయాయి. కూరగాయల బండివాడు పలక మీద సుద్దముక్కతో రాసేసుకోవచ్చు. చేత్తో రాయగలిగిన గుర్తు చేతులు మారుతూ దేశమంతా తిరుగుతుంది.

ఇక మన ఇంటి వ్యాపారాల దగ్గరికి వద్దాం. పచ్చళ్ళ సీసా మీద చీటీ వేయించాలనగానే మనకు కోరికలు పుట్టుకొస్తాయి. పూర్ణకుంభం, మామిడికాయ, మిరపకాయ, అమ్మమ్మ ఫొటో, నాలుగు రంగులు, చుట్టూ లతలు, పైన ఇష్టదైవం. ఒక్కొక్కటీ మనకు ప్రియమైనదే. కానీ కొనేవారి చూపు ఆ సీసా మీద నిలిచేది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో పది చెబితే ఒక్కటీ మిగలదు. అందుకని ఏది మన ప్రత్యేకతో ముందు తేల్చుకోవాలి. నిజానికి కష్టమంతా ఇక్కడే ఉంది. బొమ్మ గీసేవారికి గంటల పని కావచ్చు. ఒక్కటి ఎంచుకోవడం మాత్రం మనం చేయవలసిన పని, దాన్ని ఎవరూ చేసిపెట్టలేరు.

బొమ్మ తయారయ్యాక ఇంట్లోనే మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది, దానితో రబ్బరు స్టాంపు చేయించి ఒకే రంగు సిరాతో ఖాకీ కాగితం మీద కొట్టండి. అలుక్కుపోతే గీతలు ఎక్కువైనట్టే. రెండోది, వేలిగోరంత చేసి సెల్‌ఫోనులో చూడండి. ఇప్పుడు ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే కదా, అక్కడ మీ దుకాణానికి దక్కే చోటు ఆ చిన్న గుండ్రమే. మూడోది, ఒక పిల్లవాడికి కాసేపు చూపించి దాచేసి, గుర్తున్నంతవరకు గీయమనండి. వాడు గీయగలిగితే అది గుర్తే.

రంగును మాత్రమే నమ్ముకోకండి. ఆహార పొట్లాల మీద 2001లో వచ్చిన ఏర్పాటు మీకు తెలిసినదే: శాకాహారానికి చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క. కొన్ని రంగులను వేరుచేసి చూడలేనివారికి రెండూ ఒకటిగానే కనిపించేవి. అందుకే 2020 నాటి లేబుల్ నిబంధనలు మాంసాహారపు చుక్కను తీసేసి త్రికోణం పెట్టాయి. ఆకారమే వేరైతే పొరపాటుకు తావుండదు.

మనలాంటి ప్రవాస కుటుంబాలకు మరో సమస్య ఉంది, లిపి. హోసూరులో మన పచ్చడి కొనే పొరుగింటావిడకు తమిళం, బరంపురంలో ఒడియా, షోలాపూరులో మరాఠీ. తెలుగు అక్షరాలతోనే గుర్తు అల్లితే వారికది ముగ్గులా కనిపిస్తుంది. అలాగని మన అక్షరాన్ని వదులుకోవాలా? అక్కర్లేదు. ముందు ఎవరికైనా తెలిసే ఒక బొమ్మ ఉండనివ్వండి, దాని కింద మన లిపిలో పేరు. మన గుండ్రని అక్షరాల్లో ఒకదాన్నే బొమ్మగా మలచుకున్నా బాగుంటుంది. కర్ణాటకలో ఉన్నవారికి ఇది మరీ అనువు, రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే కనుక చాలా అక్షరాలను కన్నడిగులు గుర్తుపడతారు. అయితే మ, య లాంటి జంటలతోనూ, ఒత్తులతోనూ జాగ్రత్త. చిన్న సైజులో సిరా పూడుకుని ఒకటి మరొకటై కూర్చుంటుంది.

వాడకూడనివీ కొన్ని ఉన్నాయి. మందుల షాపుల మీద, డాక్టర్ల బోర్డుల మీద తెల్లటి నేల మీద ఎర్ర శిలువ కనిపిస్తూ ఉంటుంది. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అలా ఎవరుబడితే వారు వాడకూడదు. జాతీయ జెండాను, గాంధీగారి బొమ్మను వ్యాపారానికి వాడడం 1950 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. దేవుళ్ళ బొమ్మల సంగతి చట్టం కంటే మన మనసుకే తెలుసు. పొట్లం ఖాళీ అయ్యాక అది చేరేది చెత్తబుట్టలోకే.

మీ గుర్తు బాగా కుదిరితే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద రిజిస్టరు చేయించుకోండి. పదేళ్ళు చెల్లుతుంది, ఆపై మళ్ళీ పదేసి ఏళ్ళకు పొడిగించుకోవచ్చు. ముందుగా అలాంటిది మరొకరికి ఉందేమో వెతికించడం మరువకండి.

చివరగా ఒక మాట. 1971లో అమెరికాలో కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని నైకీ బూట్ల కోసం వంపు తిరిగిన ఒక్క గీత గీసిచ్చింది. దానికి ఆమెకు ముట్టినది 35 డాలర్లు. యజమాని ఫిల్ నైట్‌కు మొదట అది అంతగా నచ్చలేదు కూడా. 1983లో కంపెనీ ఆమెను పిలిచి వాటాలిచ్చి గౌరవించింది. ఆ పన్నెండేళ్ళలో గీత మారలేదు. బూట్లు అమ్ముడై, ఆటగాళ్ళు గెలిచి, దానికి విలువ వచ్చింది. ఏటా గుర్తు మార్చేవారికి ఈ లాభం దక్కదు. పచ్చడి బాగాలేకపోతే ఎంత చక్కని గుర్తయినా చేసే మేలు లేదు, మళ్ళీ కొనకుండా ఉండడానికి మాత్రం బాగా పనికొస్తుంది! పచ్చడి బాగుంటే, రెండోసారి వచ్చిన పొరుగింటావిడ వరసలో ఉన్న పది సీసాల్లోంచి మీదే తడుముకోకుండా తీసుకోవాలి. గుర్తు ఉన్నది ఆమె కోసం.

ఈ వారం మీ వంటింట్లో పొట్లాలన్నీ ఒకసారి తిరగేయండి. కళ్ళు మూసుకుంటే ఎన్ని గుర్తులు కనిపిస్తాయో లెక్కపెట్టండి. ఏవి మిగిలాయో, ఎందుకు మిగిలాయో ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. మీ దుకాణం గుర్తు గురించి సందేహాలుంటే రాయండి, వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.